పెన్నలో దిగిన శాండిళ్లు

మా పెద్దమ్మ కూతురు నాకంటే మూడు నెలలు పెద్దది. ఆ మూడు నెలల పుణ్యానికి దాన్ని నేను అక్కా అని పిలవాల్సి వచ్చేది. వాళ్లది ఆత్మకూరు, పెదనాయన స్కూలు మాస్టరు. మాది ఉదయగిరి, మా నాయన చెక్క గరిటెలు చెక్కేవాడు. కొత్త గౌను దానికే ముందు, మార్కులు దానికే ఎక్కువ, చివరికి జడ కూడా దానిదే పొడుగు. దాన్ని చూస్తే నాకు కడుపు మండిపోయేది. కుళ్లు అంటే కుళ్లే, ఇన్నేళ్ల తర్వాత దానికి ఇంకో మంచి పేరు వెతకడం ఎందుకు?

తొంభైల మధ్యలో ఒక వేసవిలో మా ఇద్దరికీ ఒకేసారి బాప్తిస్మం ఇప్పించాలని పెద్దలు అనుకున్నారు, సంగం దగ్గర పెన్నలో. అంతకుముందు ఏడు అక్కడే ఒకామె కాలికి గాజుపెంకు కోసుకుంది. అందుకని ఈసారి నీళ్లలో దిగేవాళ్లంతా కాళ్లకు ఏదో ఒకటి వేసుకుని రావాలని పాస్టరుగారు చెప్పారు.

మా అమ్మలిద్దరూ మమ్మల్ని ఆత్మకూరు బజారులో చెప్పుల కొట్టుకి తీసుకెళ్లారు. చవక కాబట్టి మా అమ్మ చెయ్యి నేరుగా హవాయి చెప్పుల మీదికే పోయింది.

"నీళ్లలోకా అమ్మా? హవాయిలు వద్దు, ఊడి తేలిపోతాయి," అన్నాడు కొట్టు భాయి. "తోలువి నానిపోతాయి. గుడ్డ బూట్లలో ఇసక దూరి బరువెక్కతాయి. ఇయ్యి చూడండి, ప్లాస్టిక్ శాండిళ్లు. చిల్లుల్లోంచి నీళ్లు పోతాయి, ఎనక పట్టీ ఉండాది. ఎండాకాలం నీళ్లు ఎచ్చగుంటాయి గదా, ప్లాస్టిక్ మెత్తబడి కరవదు కూడా. హవాయిల కంటే నాలుగు రూపాయలే ఎక్కువ."

గులాబీ రంగువి. మా ఇద్దరి కాళ్లూ ఒకే సైజు, ఆ సైజులో ఉన్నది ఒక్క జత. అప్పటికే పెద్దమ్మ వాటిని అక్క కాళ్లకు తొడిగి పట్టీ బిగిస్తోంది.

"అమ్మా, నా మడమలో ముల్లు ఇరిగి ఉండాది. హవాయిలైతే నడవలేను," అన్నాను. ముల్లూ లేదు, గిల్లూ లేదు.

అక్క వెంటనే పట్టీ ఊడదీసింది. "దానికే ఇయ్యండి. నాకు హవాయిలు చాల్లే," అంది. పోట్లాడి ఉంటే బాగుండేది. అడగ్గానే ఇచ్చేసి నా గెలుపులో రుచి లేకుండా చేసింది.

ఆ ఆదివారం ప్రసంగం సాగీ సాగీ, మేం ఏటికి చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఇసక కాలిపోతోంది, నీళ్లు స్నానానికి కాచినట్టు వెచ్చగా ఉన్నాయి. దిగేముందు పాస్టరుగారు ఎప్పటిలాగే అన్నారు: "ఎవరికి ఎవరి మీదన్నా మనసులో ఏదన్నా ఉంటే, ఇక్కడే చెప్పుకుని, సమాధానపడి దిగండి." ఇద్దరు ఆడవాళ్లు ఏడుస్తూ ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. అక్క నావైపు చూసి నవ్వింది. నేను వంగి, బిగుతుగానే ఉన్న పట్టీని మళ్లీ బిగించుకున్నాను.

నీళ్లు మోకాళ్లు దాటగానే అక్క హవాయి ఒకటి ఊడి తేలుతూ పోయింది. ఇంకో నాలుగడుగులు వేసిందో లేదో, కెవ్వుమంది. ఆల్చిప్ప కోసేసింది. అయినా వెనక్కి తిరగలేదు, మునిగి లేచాకే గట్టుకొచ్చింది. పాస్టరుగారి భార్య తన చేతిరుమాలుతో కట్టు కట్టింది. సంఘమంతా దాని చుట్టూ చేరి, బిడ్డకి ఎంత విశ్వాసమో అని ఒకటే పొగడటం. దాని తర్వాత మునిగింది నేను. నన్ను ఎవరూ చూడలేదు. శాండిళ్లు భాయి చెప్పినట్టే పనిచేశాయి, నా కాలికి గీత కూడా పడలేదు. పడనందుకే నాకు ఏడుపొచ్చింది. ఆ రక్తం, ఆ కట్టు కూడా దానికేనా?

తిరుగు బస్సులో అక్క కట్టు కట్టిన కాలు నా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నీ ముల్లు నొప్పి తగ్గిందా?" అని అడిగింది.

ఎగతాళేమో అని దాని మొహంలోకి చూశాను. కాదు, నిజంగానే అడుగుతోంది. అప్పుడన్నా చెప్పేసి ఉండొచ్చు.

"ఇంకా సలుపుతానే ఉండాది," అన్నాను.

బాప్తిస్మం తీసుకుని అప్పటికి గంట కూడా కాలేదు.