ఎవరూ నొక్కని ఎర్ర బటన్

ఆఫీసులో ఆమెను అందరూ పేచీ అక్క అంటారు. ఆ పేరు పెట్టినవాడు ఎప్పుడో వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు గానీ, పేరు మాత్రం ఆమెకే అతుక్కుపోయింది. నిజానికి ఆమె ఉద్యోగమే పేచీ పెట్టడం. కుర్రాళ్ళు యాప్ రాసి, అయిపోయిందని చేతులు దులుపుకున్నాక, ఆమె దాన్ని నొక్కి, గుంజి, తలకిందులు చేసి, ఎక్కడ పని చెయ్యడం లేదో చెప్పాలి. చెబితే ఒక్కడికీ నచ్చదు.

"నా ఫోన్లో బాగానే ఉందక్కా" అంటారు.

"అయితే నీ ఫోన్ ఊరంతటికీ పంచిపెట్టు నాయనా" అంటుంది ఆమె.

ఇంట్లోనూ ఇదే వరస. కోపం ముక్కు మీదే ఉంటుంది. "మా బస్సు హారనైనా అప్పుడప్పుడు పాడవుతుంది, నీ నోరు పాడవదు" అని డ్రైవరు భర్త నవ్వుతాడు. నవ్వి, ఆమె చేతికి అందనంత దూరం జరుగుతాడు.

ఈసారి వాళ్ళు చేసింది ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ కోసం. తెర నిండా ఒకటే ఎర్ర బటన్. చూపు ఆనకపోయినా, చెయ్యి వణికినా, ఎక్కడో ఒకచోట నొక్కితే చాలు, నర్సులుండే కేంద్రానికి ఫోన్ వెళుతుంది. యాప్ రాసే రోజులకి ఆ కేంద్రం ఇంకా తెరవలేదు. నొక్కితే ఎక్కడో ఒకచోట మోగాలి కదా, అందుకని రాసే కుర్రాడు పక్క సీట్లో ఉన్న పేచీ అక్క నంబరు పెట్టుకున్నాడు. వాణ్ణి మెరుపు అంటారు. పని అంత వేగం, మతిమరుపు అంతకన్నా వేగం. కేంద్రం తెరిచాక, తెర కింద చిన్నగా కనబడే నంబరు మార్చాడు. పాత నంబరే బటన్ వెనక కూడా ఉందన్న సంగతి వాడికి గుర్తే లేదు.

యాప్ బయటికి వెళ్ళే శుక్రవారం ఉదయం ఆమె అడిగింది. "ఒక్కసారి ఆ బటన్ నేను నొక్కి చూస్తాను."

పైఅధికారి వద్దన్నాడు. అందరూ పెద్దాయన అనే మనిషి. "అది నొక్కితే నిజమైన నర్సులు ఎత్తుతారమ్మా. వాళ్ళని ఊరికే విసిగించకూడదు. జనానికి ఇచ్చే యాప్‌లో ఎర్ర బటన్ ముట్టుకోకూడదన్నది మన నియమం."

"అంటే అన్నీ చూసి, అసలుదాన్ని మాత్రం వదిలెయ్యాలా?"

"తెర మీద నంబరు సరిగ్గానే ఉంది కదా. ప్రతిదానికీ పేచీ ఏమిటి?"

అందరూ నవ్వారు. కేకు కోశారు. ఆమె కేకు ముట్టుకోలేదు. యాప్ బయటికి వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున బట్టలు ఉతుకుతుంటే ఫోన్ మోగింది. చేతులు తుడుచుకుని ఎత్తింది.

"అమ్మా, కళ్ళు తిరుగుతున్నాయి" అంది ఒక ముసలి గొంతు.

"ఎవరండీ మీరు? నంబరు చూసుకుని చెయ్యాలని తెలీదా? పనీపాటా లేదా?"

"చూసే నొక్కానమ్మా. ఎర్రగానే ఉంది."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ అవతల ఉన్న మనిషి మీద కాదు. గొంతు మార్చి, పేరూ ఇల్లూ అడిగి, తనే కేంద్రానికి ఫోన్ చేసి నర్సుని పంపించింది. ఇంట్లోనే బట్టలు కుట్టుకుని బతికే ఒంటరి మనిషట. ఆమె సంగతి తేలేలోపే మరొకరు చేశారు. ఆ తర్వాత ఇంకొకరు. సబ్బు నురగ ఆరిపోయి బట్టలు బకెట్లోనే ఉండిపోయాయి.

పెద్దాయనకి ఫోన్ చేసింది. ఆయన ఎక్కడో భోజనం చేస్తున్నాడు, గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

"శుక్రవారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా కోడ్ ఎవరూ ముట్టుకోరు. నీకు తెలియని నియమమా? నీ ఫోన్ ఆపేసుకో, అంతే."

"ఆపేస్తే వాళ్ళేమైపోవాలండీ?"

"కేంద్రం నంబరు కింద రాసే ఉంది కదా. చదువుకుని చేస్తారు."

"చదవలేరనే కదా అంత బటన్ పెట్టాం!"

"నువ్వు గోరంతని కొండంత చేస్తావమ్మా" అని పెట్టేశాడు.

ఎద్దు పుండు కాకికి ముద్దా? తన ఫోనుకి వచ్చే కాల్స్ ఇంకో నంబరుకి మళ్ళించడం ఆమెకు క్షణం పని. కేంద్రానికే మళ్ళించి ఉండొచ్చు. ఆ ఆలోచన రాలేదని కాదు, వచ్చింది. కానీ ఆయనకి కాస్త సెగ తగలాలి. ఒక్క గంటసేపు ఆ గొంతులు ఆయన చెవిలో పడితే, నియమాలు పక్కనబెట్టి మెరుపుని లేపి కూర్చోబెడతాడు. కాల్స్ మళ్ళించేచోట పెద్దాయన నంబరు కొట్టి, ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, మిగిలిన బట్టలు ఉతికేసింది. ఎంత హాయిగా ఉతికిందో చెప్పలేం.

సాయంత్రం దాకా, నంబరు సరిచేశానని మెరుపు నుంచి కబురు రాలేదు. అనుమానం వచ్చి మళ్ళింపు తీసేసింది. తీసిన కాసేపటికే మోగింది.

"హమ్మయ్య, ఎత్తారు!" ఒక మగ గొంతు, అరుస్తోంది. "నేను పక్కింటివాణ్ణి. బట్టలు కుట్టే పెద్దావిడ స్నానాల గదిలో పడిపోయిందండీ. మధ్యాహ్నం నుంచి ఫోన్ చేతిలో పట్టుకుని నొక్కుతూనే ఉందట. ఎప్పుడు నొక్కినా స్విచ్చాఫ్ అంటోందట. మీరు మనుషులేనా?"

పెద్దాయన రెండుసార్లు ఎవరో కొత్త నంబర్లు చూసి, విసుక్కుని, ఫోన్ ఆపేసి నిద్రపోయాడు. అది తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం ఆమెకు తెలిసిందల్లా ఒక్కటే, మధ్యాహ్నమంతా ఆ ఫోన్ ఎవరూ ఎత్తలేదని. నర్సుని పంపి, కాల్స్ అన్నీ కేంద్రానికి మళ్ళించింది. పొద్దునే చెయ్యాల్సిన పని అది. భర్త అన్నం పెట్టుకోమంటే కంచం నెట్టేసింది. ఆ కోపం ఎవరి మీదో ఆయన అడగలేదు.

ఆదివారం ఆసుపత్రికి వెళ్ళింది. తుంటి ఎముక విరిగిందట. ముసలావిడ ఆమె గొంతు విని కళ్ళు తెరిచింది.

"నిన్న పొద్దున తిట్టింది నువ్వే కదూ? తిట్టినా పలికావు తల్లీ. మధ్యాహ్నం అది కూడా లేదు."

పేచీ అక్క మంచం అంచు పట్టుకుని నిలబడింది. చెప్పకుండా వెళ్ళిపోవచ్చు. ఎవరికీ తెలియదు.

"మధ్యాహ్నం ఆ ఫోన్ ఇంకొకరికి అంటగట్టింది కూడా నేనేనండి. మా పెద్దాయనకి బుద్ధి రావాలని."



"వచ్చిందా?"

"లేదండి. ఫోన్ ఆపేసుకున్నాడు."

"మీ ఇద్దరి గొడవ నా నడుము మీదా తీర్చుకోవడం?" గొంతులో ఓపిక లేకపోయినా కోపం నిండుగా ఉంది. "నువ్వొచ్చావు సరే. ఆయన్ని కూడా తీసుకురా. నేల ఎంత చల్లగా ఉందో చెబుతాను."

సోమవారం ఆఫీసు తెరవగానే మెరుపు నంబరు సరిచేశాడు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, తల ఎత్తలేదు. పెద్దాయన మాత్రం తన గాజు గదిలో తేలిగ్గానే ఉన్నాడు.

"పెద్దగా ఏమీ కాలేదు కదా. మంచి పూలగుత్తి ఒకటి పంపిద్దాం. నీ సంగతి మాత్రం తర్వాత మాట్లాడాలి, నాకు చెప్పకుండా నా నంబరు ఇచ్చావు."

"ఇచ్చాను. తప్పు చేశాను. ఆవిడకి చెప్పాను కూడా. ఉద్యోగం తీసేస్తే తీసెయ్యండి, దాని మీద పేచీ పెట్టను." బల్ల మీద ఉన్న ఆయన కారు తాళాలు తీసి ఆయన ముందుకి తోసింది. "ముందు లేవండి."

"ఎక్కడికి?"

"ఆసుపత్రికి. ఆవిడ మిమ్మల్ని రమ్మంది."

"నాకు మీటింగ్ ఉందమ్మా."

"ఆవిడకి మీటింగేమీ లేదు. మంచం మీంచి కదల్లేదు."

పెద్దాయన గాజు గోడ అవతలికి చూశాడు. అందరూ పని ఆపి ఇటే చూస్తున్నారు, మెరుపుతో సహా. ఈసారి ఎవరూ నవ్వడం లేదు. ఆయన తాళాలు తీసుకుని లేచాడు.