సర్వర్‌లో నేను చెరిపేసిన వాక్యాలు

ఏడాది దాటింది. ఈ బరువును ఇంట్లో దించలేదు, స్నేహితుల దగ్గరా దించలేదు. ఎవరో తెలియని మీ దగ్గర దించుతున్నాను.

రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో కంప్యూటర్ పని నాది. కోడ్ రాసిపెట్టే ఏఐకి మా ఆర్డర్ల కొలతలు తెలియవు. అది అడిగినప్పుడల్లా వాటిని తీసి అందించే చిన్న సర్వర్ ఒకటి కట్టాను. అందులో ఏఐ వాడుకునే ప్రతి టూల్‌కూ, అంటే ఒక్కో పనిముట్టుకూ, పక్కన అదేమిటో వివరణ రాయాలి. ఏఐ దాన్ని చదివే నడుచుకుంటుంది. నేనిలా రాశాను: "ఇవి ఉతికిన తర్వాత ఉండాల్సిన కొలతలు. కత్తిరించేటప్పుడు, ఉతికితే గుడ్డ కుదించుకుపోయేంత అదనంగా కలపాలి."

దాన్ని చూపించిన రోజు, మా కంప్యూటర్ గదిలో కొత్తగా చేరిన సుజాత అందరి ముందూ నవ్వింది. "నువ్వు టీ తాగుతా కూచోనుంటే అంతా ఏఐనే రాసిచ్చింది కదన్నా! నువ్వు చేసిందేముండాది?"

అందరూ నవ్వారు. వేళాకోళమే. కానీ ఎవరెవరు నవ్వారో ఈ రోజుకీ పేర్లతో సహా చెప్పగలను. నా స్వభావం అంతే.

వారం తిరక్కుండానే కత్తిరింపు కొలతలు లెక్కగట్టే ప్రోగ్రామ్ పనిని ఆమెకు అప్పగించారు. ఆ సాయంత్రం నా వివరణలోని రెండో వాక్యాన్ని చెరిపేశాను. తర్వాత మొదటిదాన్ని కూడా. వట్టి "కొలతలు" అని మిగిల్చాను. ఏం జరుగుతుందో తెలియదా నాకు? తెలుసు. తెలియదనుకోవడానికి చాలా రోజులు ప్రయత్నించాను.

ఆమె నా దగ్గరికి వచ్చి మరీ అడిగింది.

"అన్నా, ఈ కొలతల్లో గుడ్డ కుదించుకునేది కలిపే ఉండాదా?"

"నన్నెందుకు అడుగుతావమ్మా? నేను చేసిందేముండాది? ఏఐనే అడుగుపో."

"అబ్బా, ఇంకా మనసులో పెట్టుకున్నావాన్నా!" అని నవ్వుతూ వెళ్లి, దాన్నే అడిగింది. వివరణలో లేనిది అది మాత్రం ఎలా చెబుతుంది? ఆ కొలతలే సరైనవంది.

మా కటింగ్ మాస్టరు మళ్లీ కొలిచి చూడడు. కంప్యూటర్ గది నుంచి వచ్చే కొలతల్లో కుదింపు ఎప్పుడూ కలిపే ఉంటుందని అతని నమ్మకం. గుడ్డ కత్తిరించారు, కుట్టారు, ఉతికారు. ప్యాంట్లన్నీ పొట్టివైపోయాయి.

యజమాని కేకలేస్తుంటే సుజాత తలవంచుకుని, "నేనే సరిగ్గా చూసుకోలేదు సార్" అంది. నా పేరు ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఎదురు తిరిగి వాదించేవాణ్ని, అబద్ధమాడైనా గెలిచేవాణ్ని. ఎత్తకపోవడమే నన్ను ఇన్నాళ్లూ తినేసింది. ఆమెను పనిలోంచి తీసేశారు. ఆ రాత్రి ఆ రెండు వాక్యాలనూ మళ్లీ రాసిపెట్టాను, ఎప్పటి నుంచో అక్కడే ఉన్నట్టు.

ఇప్పుడామె ఇంకో యూనిట్‌లో ప్యాంట్లకు గుండీలు కొడుతోందట. కంప్యూటర్ పని ఇస్తామన్నా వద్దందట. తన చూపు మీద తనకే నమ్మకం పోయిందట. ఆ యూనిట్ మా వీధి చివరే. నేనింకా ఆమె దగ్గరికి వెళ్లలేదు.

ఆమె నవ్విన నవ్వు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది, అదీ దాచను. కానీ తప్పు ఆమెది కాదు. నేను చేశాను. తెలిసే చేశాను. ఈ మాట మొదటిసారి నాలోంచి బయటికి వచ్చింది.