అక్క మంచం పక్క స్విచ్చు

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఇది చదివి, ముసలితనంలో నమ్మడం మొదలుపెట్టిందని ఎవరూ అనుకోనక్కర్లేదు. ఉద్యోగ విరమణ దాకా ప్రభుత్వ భవనాల విద్యుత్ విభాగంలో పనిచేసినదాన్ని. "దానంతటదే వెలిగింది మేడమ్" అని ఎవరైనా రాసిస్తే ఆ కాగితం తిప్పి పంపేదాన్ని.

ఘాజియాబాద్‌లోని ఈ ఫ్లాట్‌లో నేనూ మా అక్కా చాలాకాలం కలిసి ఉన్నాం. పడకగది దీపానికి రెండు స్విచ్చులు: ఒకటి గుమ్మం దగ్గర, ఒకటి అక్క మంచం పక్కన. దేనితోనైనా దీపం వేయవచ్చు, ఆర్పవచ్చు. అయితే ఒకచోట నొక్కితే రెండోచోట మీట పైకీ కిందికీ ఉన్న అర్థం తారుమారవుతుంది. అక్క గుమ్మం దగ్గర దీపం వేసి, పడుకున్నాక మంచం దగ్గర ఆర్పేది. దీపం ఆరి ఉన్నా, తెల్లవారేసరికి గుమ్మం మీట కిందికి ఉండేది. ఆరినప్పుడు పైకి ఉండాలన్నది నా పట్టు.

"మీట పైకి చూస్తే నీకేం, కిందికి చూస్తే నీకేమే? నీ ఆఫీసు ఆఫీసులో పెట్టు" అనేది అక్క.

పోయిన చలికాలంలో అక్క పోయింది. కొన్నాళ్లకు ఆమె స్విచ్చు పలక వేడెక్కడం గమనించాను. వాడేవాళ్లు లేరు గనుక తీసేయించడమే క్షేమమనుకున్నాను. వచ్చిన ఎలక్ట్రీషియన్ దాన్ని తీసి, గుమ్మం స్విచ్చును కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగకు బిగించాడు. దీపం ఆరింది. హోల్డర్‌లో టెస్టర్ పెడితే మాత్రం కరెంటు ఉంది.

"లైట్ ఆరుతోంది కదా ఆంటీజీ, ఇంకేం కావాలి?"

"ఆరడం వేరు, కరెంటు ఆగడం వేరు భయ్యా. రేపు బల్బు మార్చేది నేను. నాకు షాకు కొడితే పరుగెత్తి మెయిన్ ఆపడానికి ఈ ఇంట్లో రెండో మనిషి లేదు."

మెయిన్ ఆపించి, స్విచ్చును కరెంటు వచ్చే ఫేజు తీగకు మార్పించాను. అక్క వైపు తీగలను రెండు చివరలా విడదీయించి, టేపు చుట్టించి, పైన ఖాళీ పలక వేయించాను. చేసినదంతా రాసిపెట్టుకున్నాను. ఇక మీట కిందికి ఉంటే వెలుగు, పైకి ఉంటే చీకటి. తారుమారు చేసేవారు లేరు.

కొన్ని వారాల తరువాత అశోకా రోడ్‌లో పాత సహోద్యోగులతో భోజనం చేసి సాయంత్రానికి ఇల్లు చేరాను. తాళంచెవి నా దగ్గర తప్ప మరెవరి దగ్గరా లేదు, ఇంటిపని చేసే దీదీకి కూడా ఇవ్వను. గదిలో దీపం లేదు. నేను పైకి పెట్టి వెళ్లిన మీట కిందికి ఉంది. బల్బు పోయిందేమో, మార్చే ముందు ఆపాలి కదా అని మీట పైకి నెట్టాను.

దీపం వెలిగింది.

కిందికి నొక్కితే ఆరింది. మళ్లీ పైకి నెడితే వెలిగింది. మెయిన్ ఆపి, టార్చి పట్టుకుని ఖాళీ పలక విప్పాను. టేపు చుట్టిన కొనలు చుట్టినట్టే ఉన్నాయి. గుమ్మం స్విచ్చూ విప్పాను. రెండే తీగలు, బిగించిన చోటే ఉన్నాయి. మీట పైకి ఉంటే కరెంటు పోవడానికి అక్కడ దారే లేదు. మళ్లీ మెయిన్ వేశాక అంతా మామూలుగా పనిచేసింది, కిందికి వెలుగు, పైకి చీకటి.

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు. "వైరింగ్ ఠీక్ హై ఆంటీజీ. మీరే ఏదో పొరపాటు పడి ఉంటారు."

నాకు ఒళ్లు మండింది. "సరే, మంచం పక్కన మునుపటిలాగే కొత్త స్విచ్చు పెట్టు" అన్నాను.

"అచ్ఛా, మీరే కదా తీయించారు. ఒక్క మనిషికి రెండెందుకు?"

నేను వెళ్లి మెయిన్ ఆపాను.

కొత్త స్విచ్చు వేడెక్కడం లేదు. ఆనాటి సాయంత్రానికి కారణం నాకు నేటికీ దొరకలేదు. బయటినుంచి రాగానే, చెప్పులైనా విడవకుండా వెళ్లి గుమ్మం మీట చూస్తాను. ప్రతిసారీ నేను వదిలి వెళ్లినట్టు పైకే ఉంటోంది.