పాఠంలో లేని పాట

మొన్న మా విభాగంలో కొత్తగా చేరిన లెక్చరరు అమ్మాయి తరగతి తలుపు బార్లా తెరిచిపెట్టి, ఎనిమిది వందల ఏళ్లనాటి ప్రేమపాటను గొంతెత్తి చదువుతుంటే, నడవాలో పోతున్న నేను ఠక్కున ఆగి, ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూశాను.

మధ్యయుగపు ఫ్రెంచి సాహిత్యమూ, ఫ్రెంచికి తోబుట్టువు లాంటి ఆక్సితాన్ భాషలో దక్షిణ ఫ్రాన్సు కవులు కట్టిన పాటలూ నా చదువు. హైదరాబాదులో మొదలుపెట్టి, ఫ్రాన్సులో పరిశోధన ముగించి, పెళ్లయ్యాక మావారి ఆసుపత్రి ఉద్యోగం వెంట జెద్దా చేరాను. ఇక్కడ ఆడపిల్లల కళాశాలలో ఫ్రెంచి వ్యాకరణం చెప్పే పని దొరకడమే అదృష్టమనుకున్నాను.

ఆ రోజుల్లో ఒకనాడు మదీనా నుంచి వచ్చి చదువుకుంటున్న విద్యార్థిని ఒకతె, ఆ ఆక్సితాన్ పాటలకూ, స్పెయిన్‌ను అరబ్బులు ఏలిన నాటి అండలూసియా అరబ్బీ పాటలకూ చుట్టరికం ఉందంటారు, నిజమేనా అని అడిగింది. ఎన్నాళ్లకో నా చదువు గురించి ఒకరు అడిగారన్న సంబరంలో, ప్రియుడి కోసం ఎదురుచూసే ఒక దొరసాని పాట చదివి, అర్థం కూడా విప్పి చెప్పేశాను. వారం తిరగకుండానే ప్రిన్సిపాల్ నుంచి కబురొచ్చింది. ఎవరో ఫిర్యాదు చేశారట, మర్నాడు వచ్చి కలవమన్నారు.

ఆ సాయంత్రం షరఫియా బజారులో కూరగాయలు ఏరుతూ మావారికి సంగతి చెప్పాను. ఆయన సంచీ అందుకుని, "నీ పాటలు నాకు గూడ ఇష్టమే. గని మనల్ని ఈడ ఉండనిచ్చే ఇఖామా క్యాన్సిల్ చేస్తే పిల్లలను పట్టుకొని ఎటు పోదాం చెప్పు? రేపు ఏమడిగినా ఎదురు మాట్లాడకు" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, నాకున్న భయమే ఉంది.

మర్నాడు ప్రిన్సిపాల్ గారి ఎదుట నిలబడ్డాను. సిలబస్‌లో లేని ప్రేమపాటలు ఎందుకు చెప్పారని ఆమె అడిగారు. నేను నోరు తెరిచేలోపే తలుపు తోసుకుని ఆ మదీనా పిల్ల లోపలికి వచ్చింది.

"టీచరు గారి తప్పేమీ లేదు. అడిగింది నేను."

ప్రిన్సిపాల్ నన్ను వ్యాకరణం దాటవద్దని హెచ్చరించి పంపేశారు. ఆ పిల్లను మాత్రం ఇంగ్లీషు విభాగానికి మార్చారు. ఆ తర్వాత నడవాలో ఎదురైతే కళ్లతోనే నవ్వి, ఆగకుండా దాటిపోయేది, నాతో మాట్లాడితే మళ్లీ నాకేమవుతుందోనని.

అటుపైన ఏళ్ల తరబడి క్రియాపదాలే చెప్పాను. పరాయి దేశంలో కొలువు చేసినవారికి ఆ భయం ఎలాంటిదో నేను వివరించనక్కర్లేదు. కాలం మారి ఇప్పుడు అవే పాటలు పాఠ్యప్రణాళికలో ఉన్నాయి, పిల్లలు ఫోను చూసుకుంటూ వింటారు, పరీక్షకు వస్తాయా అని అడుగుతారు. వాటి చుట్టరికాలేమిటని అడిగే పిల్ల మాత్రం నాకు మళ్లీ ఎదురుకాలేదు.