పరదా లేని గూడుబండి

ఈ సంగతి ఎప్పుడో రాయవలసింది. కానీ అరవై దాటాక మనవరాలు పలక చేతికిచ్చి కూర్చోబెడితే గాని నాకు అక్షరాలు రాలేదు. నిన్న మా మనవడు నంద్యాలలో మనసు డాక్టరు దగ్గరికి పోతూ ఇంట్లో పన్ను నొప్పి అని చెప్పాడు. తిరిగొచ్చి నిప్పట్లు కరకరా నమిలాడు. నవ్వొచ్చింది. వెంటనే వాళ్ల తాత గుర్తొచ్చాడు.

అప్పటికి తెల్లదొరలు ఇంకా పోలేదు. ఆళ్లగడ్డలో మాది సేద్యం. బావి తవ్వుతుంటే మట్టిపెళ్లలు విరిగిపడి మా మరిది చనిపోయాడు. అతన్ని ఆ పొద్దు బావిలోకి దించింది మా ఆయనే. ఆడవాళ్లం గుండెలు బాదుకుని ఏడ్చి కాస్త తేలికపడ్డాం. మీసమున్నవాడు ఏడవకూడదు కదా, ఆయన వచ్చినవాళ్లకు చాపలు వేస్తూ తిరిగాడు. పోనుపోను తిండీ నిద్రా మానేశాడు. ఒక సందెవేళ ఆ బావి గట్టునే నిలబడి ఉంటే చెయ్యి పట్టి లాక్కొచ్చాను. "నన్ను నంద్యాల ఆసుపత్రికి తీసకపో. ఇట్లయితే నేను బతకను" అన్నాడు.

మా అత్తకు కొడుకు దక్కాలి, పరువూ దక్కాలి. ఆడవాళ్లకు జబ్బు చేస్తే గూడుబండికి పరదా కట్టి తీసుకుపోవడం మా ఇళ్లలో పద్ధతి. "వాణ్ణి లోపల పండుకోబెట్టి, నువ్వు పక్కన మూలుగుతా ఉండు. అడిగితే కోడలికి బాగలేదంటాం" అంది. నేను ముందురోజు వంటింట్లో మూలగడం నేర్చుకున్నాను కూడా.

బండి తోలింది మామ. శిరివెళ్లలో ఎద్దులకు నీళ్లు పెడుతుంటే వరసకు మామకు తమ్ముడయ్యే మనిషి ఎదురొచ్చాడు.

"ఏందన్నా, ఎవురికి బాగలేదు?"

"కోడలికి" అన్నాడు మామ. నేను మూలిగాను.

"అయ్యో పాపం! మొగుడు యాడ మరి?"

ఇంటిల్లిపాదీ కూర్చుని అల్లిన అబద్ధంలో ఈ ఒక్క ప్రశ్నకే జవాబు పెట్టుకోలేదు. మామ ఎద్దుల వైపు చూశాడు. నా మూలుగు ఆగిపోయింది. అప్పుడు మా ఆయన లేచి పరదా లాగేశాడు.

"ఈడుండా, చిన్నాయనా. ఆమెకేం కాలే. నాకే మనసు బాగలేదు. డాక్టరుకు చూపించుకోను పోతాండా."

"మనసుకు డాక్టరేందిరా, మొగోడివి!"

"సచ్చినాక మొగోడనిపించుకొని ఏం జేసుకోను?"

పరదా నా ఒళ్లో పడేసి, మామను జరగమని తానే పగ్గాలు పట్టాడు. నంద్యాల దాకా అడిగినవాళ్లందరికీ అదే చెప్పాడు. నేను రాణిలా తల ఎత్తుకుని కూర్చున్నాను. డాక్టరు నిద్రకు మందిచ్చి, ఆయన్ను చాలాసేపు మాట్లాడించాడు. కళ్లు ఉబ్బి బయటికొచ్చిన మనిషి ఆకలి అన్నాడు. ఆ మాట విని ఎన్నాళ్లయిందో! ఆ తరువాత ఎన్నోసార్లు పోయాం. మళ్లీ విత్తనాల వేళకు నాగలి పట్టాడు.

ఇదంతా జరిగి ఒక ఆయుష్షంత కాలమైంది. కాలం మా ఎద్దులకన్నా నిదానమేమో, మనవడింకా పరదా చాటునే పోతున్నాడు. ఆనాడు ఆళ్లగడ్డ తిరిగి చేరిన మరుసటి పొద్దున నేనైతే ఆ పరదా చించి, ఎద్దుల మెడలు ఒరుసుకోకుండా కాడికి మెత్త కుట్టాను.