నీ వరకు పేరు మారలేదు, రత్నం

నిన్న పొద్దున షాపులో ఖుబ్బూస్ రొట్టెల ప్యాకెట్లు సర్దుతుంటే బర్కా నుంచి ఫోన్. రత్నం రూమ్మేట్ బిజు. "భాయ్, రత్నం చలా గయా" అన్నాడు.

ఎక్కడికి వెళ్లాడు అని అడిగాను. నిజంగానే అడిగాను. నాకు చెప్పకుండా లీవ్‌కి ఊరెళ్లిపోయాడేమో అని కోపం కూడా వచ్చింది.

బిజు ఏడుస్తున్నాడు.

డ్యూటీ నుంచి వచ్చి, టీ పెట్టుకుని కూర్చున్నాడట. బిజు స్నానం చేసి వచ్చేసరికి టీ అలాగే ఉందట, మనిషి లేడట. గుండె అన్నారు. ఎంతమందికి ఈసీజీ తీసి ఉంటాడో వాడు. తనది మాత్రం ఎప్పుడూ తీయించుకోలేదు.

ఇంకా నమ్మకం కలగడం లేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఏసురత్నం ఇక్కడ ఒమన్‌లో, బర్కాలో స్టాఫ్ నర్స్. నేను షినాస్‌లో చిన్న సూపర్‌మార్కెట్ చూసుకుంటాను. ఇద్దరిదీ నరసాపురం వైపు. ఒకే కాలేజీ, ఒకే కబడ్డీ టీమ్.

టీమ్ పేరు పీతలు.

నవ్వుకోండి, పర్లేదు. మేమూ నవ్వుకునేవాళ్లం.

రత్నం వాళ్లమ్మ బజార్లో పీతలు అమ్మేది. గంప మోసుకెళ్లి అక్కడ దించి, అటునుంచి అటే కాలేజీకి వచ్చేవాడు వీడు. ఒక మ్యాచ్‌లో ఆ సంగతి అవతలి కాలేజీ వాళ్లకు తెలిసిపోయింది. రత్నం కోర్టులో కాలు పెట్టడం ఆలస్యం, "పీతా, పీతా" అని ఒకటే కేకలు. ముక్కులు కూడా మూసుకున్నారు వెధవలు.

హాఫ్ టైమ్‌కి కుళాయి దగ్గరకెళ్లి కూర్చుండిపోయాడు. "నేనాడనెహె. మీరే ఆడుకోండి" అన్నాడు. మొహం కడుగుతూనే ఉన్నాడు, కడుగుతూనే ఉన్నాడు.

మా కెప్టెన్ మూర్తి గబగబా వెళ్లాడు. స్కోరు రాసేవాడి చేతిలోంచి మార్కర్ లాక్కొచ్చాడు. ముందు తన బనియన్ మీద పీత బొమ్మ గీసుకున్నాడు. తర్వాత నా బనియన్ మీద. తర్వాత అందరి మీదా. అది పీతలా లేదు, సాలీడులా ఉంది.

"ఇప్పుడు అనమను సూద్దాం" అన్నాడు.

రత్నం లేచాడు. ఆ సెకండ్ హాఫ్ నేను చచ్చేదాకా మర్చిపోను. వచ్చిన ప్రతి రైడర్ మడమ పట్టేశాడు. ఒకడైతే మోకాళ్ల మీద పాకాడు గానీ వీడి చెయ్యి విడిపించుకోలేకపోయాడు.

మ్యాచ్ ఓడిపోయాం లెండి. కానీ బయటికి వస్తుంటే "పీతలు, పీతలు" అనే కేక ఏడుగురి వెంటా పడింది. రత్నం ఆ రోజు బస్సులో దారంతా నవ్వుతూనే ఉన్నాడు.

తర్వాత కాలేజీ వాళ్లే బ్యానర్ మీద ఆ పేరు రాయించారు. మా తర్వాత వచ్చిన పిల్లలందరూ అదే పేరుతో ఆడారు.

ఈమధ్య అక్కడి నుంచి కొత్త జెర్సీల ఫోటో ఒకటి వచ్చింది. పీత బొమ్మ లేదు.

ఇంకేముంది, ఒమన్‌లో ఉన్న మా పీతల వాట్సాప్ గ్రూపు అంటుకుంది. స్పాన్సర్ ఎవడో పీత వద్దన్నాడని ఒకడు. కొత్త ప్రిన్సిపాల్‌కి ఆ పేరు నామోషీ అని ఇంకొకడు. 'డెల్టా లయన్స్' ఖాయమని మరొకడు, కాలేజీ బస్సు మీద సింహం తోక కనబడిందని సాక్ష్యం కూడా!

రత్నం ఒక్కడే ఒప్పుకునేవాడు కాదు. "టైలర్ మర్చిపోయుంటాడ్రా." "ఫోటో పక్కనుంచి తీశార్రా." "మన సముద్రం ఒడ్డున సింహాన్ని ఏ నాకొడుకు సూశాడ్రా?"

మేం ఏడిపించేవాళ్లం. వాడు మాత్రం నవ్వేవాడు కాదు.

ఒక శుక్రవారం చర్చి ప్రార్థనలో లేచి నిలబడి "మా పీతల కోసం ప్రార్థన చేయండి" అన్నాడట. పక్కనున్న ఆంటీ పాపం "చెరువు దెబ్బతిందా బాబూ?" అని అడిగిందట. అది నాకు చెప్తూ కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, ఒక్కసారి ఆగిపోయి, "ఆ పేరు తీసేస్తే మళ్లీ నేనొక్కడినే పీతనవుతాన్రా" అన్నాడు.

నేను ఏదో అని మాట మార్చేశాను.

నిన్న బర్కా వెళ్లాను. పేపర్ల కోసం వాడి బతాకా, అదే రెసిడెంట్ కార్డు, కావాలంటే బిజు పర్సు తీశాడు. కార్డు కవర్ మీద పీత స్టిక్కర్, అరిగిపోయి ఉంది. అప్పటిదాకా ఆపుకున్నది ఇక నావల్ల కాలేదు.

ఊళ్లో రత్నం భార్య సునీతకి ఫోన్ చేశాను. "అన్నయ్యా, ఆయన్ని త్వరగా పంపించండి" అంది. అంతే అడిగింది.

మూర్తి ఒమన్ ఆ చివరున్న రైసూత్ నుంచి బయల్దేరాడు. ఈ పొద్దున బస్సులోంచి గ్రూపులో ఏదో పెట్టాడు. పెట్టిన నిమిషానికే డిలీట్ చేశాడు. కానీ నేను చూశాను.

కాలేజీ వాళ్ల పోస్టర్. డెల్టా లయన్స్. ఖాయమైపోయింది.

వెంటనే ఫోన్ చేశాడు. "సూసేశావేంట్రా?"

"చూశాను."

"గ్రూపులో ఎవరూ ఏం పెట్టొద్దురా." ఫోన్ పెట్టేశాడు.

చూసినవాళ్లు ఇంకా ఉండే ఉంటారు. అదేంటని ఒక్కడూ అడగలేదు. మామూలుగా గుడ్‌మార్నింగ్ పెడితేనే వంద రిప్లైలు వచ్చే గ్రూపు అది.

ఆ డిలీట్ అయిన మెసేజ్ పైన, మొన్న రాత్రి డ్యూటీకి వెళ్తూ రత్నం పెట్టిన వాయిస్ మెసేజ్ ఉంది. "ఒరేయ్, ఉత్త పుకార్రా అది. ఎవడు మారుస్తాడు, మనం ఉండగా?"

దాన్ని అలాగే ఉంచుతున్నాం.

మూర్తి సాయంత్రానికి వస్తాడు. దారిలో మార్కర్ కొన్నాడట. రత్నం, నిన్ను ఊరికి పంపించే పెట్టె మీద పీతని గీస్తాడట. ఈసారైనా సాలీడులా రాకుండా చూస్తాను.

నీ వరకు పేరు మారలేదురా. నువ్వు ఒక్కడివి కాదు.

ఇక డ్యూటీ లేదు. ప్రభువు దగ్గర హాయిగా పడుకో, పీతా.