మల్లేశం మొలతాడు తీసిన రోజు

2022 ఎండాకాలం. ఉప్పల్ నుంచి నాచారం పోయే దారిలో ఒక స్కానింగ్ సెంటర్‌లో నేను రేడియోగ్రాఫర్‌ని, అంటే ఎక్స్‌రే, సీటీ, ఎమ్మారై తీసేవాణ్ణి. ఎమ్మారై అంటే పెద్ద అయస్కాంతం. లోపలికి ఇనుము తేవద్దని ఊరికే చెబితే ఎవరూ వినరు కాబట్టి కథ చెబుతాను. ఒకాయన జేబులో తాళంచెవి మరిచిపోతే మెషీన్ లాగేసుకుంది, సాయంత్రానికి దాన్ని వెతుక్కుంటూ ఆయన ఇంటి తలుపు రామంతాపూర్ నుంచి షేర్ ఆటోలో వచ్చి దిగింది. నవ్వుతూనే అందరూ జేబులు తడుముకుంటారు.

మల్లేశం నవ్వలేదు. నలభై దాటిన మనిషి, నాచారంలో ఒక ఫ్యాక్టరీలో లోడింగ్ పని. ఎడమ తుంటి దగ్గర నెలల తరబడి నొప్పి. నరం పట్టిందనుకుని మాలిష్ చేయించాడు, నడుముకు బెల్టు కట్టాడు. ఎక్కడో తీయించిన ఎక్స్‌రే ఒకటి తెచ్చాడు. అందులో తుంటి ఎముక పైభాగానికి అడ్డంగా వెండి మొలతాడు నీడ, దానికి వేలాడే తాయెత్తు నీడ. మా రేడియాలజిస్టు మేడం ఆ ఫిల్మును వెలుగుకు పట్టి చాలాసేపు చూసింది. తాయెత్తు అంచున అటుకులు చల్లినట్టు తెల్లటి చుక్కలున్నాయి.

"ఇవి తాయెత్తువో ఎముకవో తేలడం లేదు. అది తీయించి సీటీ, ఎమ్మారై రెండూ చెయ్యండి" అంది.

ఆ చుక్కలు ఎముకవే అయితే గడ్డ కావచ్చు. ఎముకలో పుట్టే గడ్డలు చాలా అరుదు. మేడం ముఖం చూశాక నేను కథలు కట్టిపెట్టాను.

బట్టలు మార్చుకునే గదిలో మల్లేశం అడ్డం తిరిగాడు.

"ఏమన్న తియ్యమను అన్నా, ఇదొక్కటి వద్దు. వెండిదే గదా, అయస్కాంతం గుంజదు."

"గుంజదు. కానీ ఫోటో ఖరాబైతది. మనం దాని కిందనే సూడాలె."

"మొలతాడు ఎప్పుడు తీస్తరో నీకు ఎరుక లేదా?" అని తలుపు వైపు చూశాడు. బయట కుర్చీలో అతని భార్య భాగ్య ఉంది.

నాకు ఎరుకే. మా వైపు భార్య చనిపోయినప్పుడే మగవాడి మొలతాడు తెంపుతారు.

"తీసి మళ్ళ కట్టుకో."

"ఆ నడుమల ఆమెకేమన్నయితే?" అంటూ ఇంటికి పోవడానికి చొక్కా తొడుక్కున్నాడు.

మాటలు విని భాగ్య లోపలికి వచ్చింది. సంగతి తెలుసుకుంది. బయటికి పోయి పక్క దుకాణంలో నల్ల నూలుదారం కొనుక్కొచ్చింది.

"ముందు ఇది కడత. కట్టినంక అది ఇప్పుత. ఒక్క చిటికెసేపు గూడ నీ నడుము ఉత్తగుండది. సరేనా?"

"నీకేం గాదు గదా?"

"నాకేమైతది, గుండు లెక్కున్న. నేనొక్కదాన్నే బతికి ఏం జేసుకోను? పో, పోయి పండుకో."

భాగ్య దారం కట్టి వెండిది విప్పింది. దారంలో లోహపు జరీ లేదని చూసుకుని మల్లేశాన్ని లోపలికి పంపాను.

సీటీలో ఆ చుక్కలు అలాగే ఉన్నాయి, ఈసారి ఏ నీడా అడ్డం లేకుండా. ఎమ్మారైలో గడ్డ ఆకారమంతా కనబడింది. తుంటి కీలుకు కొద్ది దూరంలో ఆగి ఉంది.

"కాలు ఉంటదా అన్నా?" అని బల్ల దిగుతూనే అడిగాడు. ఫలితం చెప్పే అధికారం నాకు లేదు. మేడమే వచ్చి వాళ్ళ పక్కన కూర్చుంది.

"గడ్డ ఉంది. ఎలాంటిదో ముక్క తీసి పరీక్ష చేస్తేనే ఖాయంగా తెలుస్తుంది. కీలు దాకా పోలేదు. పోకముందే మీరు పెద్ద దవాఖానాకు పోవాలి."

పరీక్షలో కాండ్రోసార్కోమా అని తేలింది. మృదులాస్థి కణాలతో పెరిగే క్యాన్సర్ అది. ఆపరేషన్‌లో తుంటి ఎముకలో కొంత భాగం పోయింది, కాలు మిగిలింది. క్యాన్సర్ అటు పాకిందేమో చూసే ఊపిరితిత్తుల సీటీ కోసం ఇప్పటికీ భాగ్య భుజం పట్టుకుని కుంటుతూ వస్తాడు.

ఒంటి మీది లోహాలన్నీ తీసెయ్యాలని మా గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. అంతకు ముందు నేనూ ఆ గోడ మీది మాటనే కథ కట్టి చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఎవరైనా వెనకాడితే, తీస్తే ఏమవుతుందని భయం అని అడుగుతాను. చాలామంది ఏమీ లేదంటారు. కొందరు గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెడతారు. వాళ్ళు చెప్పడం పూర్తయ్యేదాకా బయట క్యూను ఆపుతాను.